ఏడో మేకు

జనవరి 11

కాలికి కట్టు వేసి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. డాక్టరు ఆరు వారాలన్నాడు. అంటే ఎనిమిది అనుకోవాలి. కిందికి మెట్లు నలభై రెండు, లిఫ్టు లేదు. నిఘంటువు కోసం ముక్కాలి పీట ఎక్కి పడ్డానని మేడలో అందరికీ తెలిసింది. ఏ మాట కోసం ఎక్కానో మాత్రం ఒక్కడూ అడగలేదు. కింది అంతస్తువాళ్ళకు నేనొక నవ్వులాట. నవ్వనీ. వాళ్ళింట్లో ఉన్న పుస్తకం గ్యాసు బుక్కు ఒక్కటే.

అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో పనికి వెళ్తుంది. పొద్దున తొమ్మిదింటికి బయట తాళం వేసి, చెవి కిందివాళ్ళకిచ్చి పోతుంది. నేను మళ్ళీ పడితే తలుపు పగలగొట్టే పని లేకుండానట. ఆరింటికి తీస్తుంది. గది పొడుగు పన్నెండడుగులు, వెడల్పు పది. కిటికీలోంచి ఎదురింటి గోడ కనిపిస్తుంది, దాని మీద నీళ్ళ గొట్టం. గొట్టానికి తొమ్మిది బిగింపులు, ఒకటి ఊడింది. ఊడిన దాని వైపు చూడకూడదని రోజూ అనుకుంటాను.

బల్ల మీద ఓడ. వెన్ను, పక్కటెముకలు, పైపలకలు, డెక్కు, స్తంభాలు రెండూ అయిపోయాయి. లైఫ్‌బోటు దాని పీట మీద కూర్చుంది. ఇక తాళ్ళూ తెరచాపలూ. షిప్‌యార్డువాళ్ళు పాత గోదామును ప్రదర్శన హాలు చేస్తున్నారు, మార్చి మొదటి వారంలో తెరుస్తారట. ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం మేం కట్టిన శిక్షణ ఓడకు నమూనా చేసిపెట్టమన్నారు.

"మీరు తప్ప ఆ ఓడ గీతలు తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదు సార్," అన్నాడు ఫోన్లో హాలు పెద్దమనిషి.

నిజమే. మా డ్రాయింగు ఆఫీసు చీఫ్ పోయాడు. నా పక్కబల్ల మీద డెక్కు షీటు గీసినవాడు పోయాడు. మిగిలింది నేనూ, పుర్రచెయ్యీ. వాడికి గీతలు తెలియవు. తెలిసింది తాళ్ళు. అవీ తెలియవని ఓడ ప్రమాదం మీద జరిగిన విచారణలో తేలింది.

పుర్రచెయ్యి నా భార్యకు తమ్ముడు, యార్డులో తాళ్ళ మేస్త్రి. ఎడమచేతివాటం. ఆ పేరు పెట్టింది నేనే, యార్డంతా పాకింది. మూడేళ్ళ క్రితం ఆవిడ పోయిన రోజున, ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత నా గుమ్మంలోకి వచ్చి, పదిమంది ముందు నిలబడి అన్నాడు:

"బావా, నీ గీత తప్పు. అక్కకీ తెలుసు."

శవం ఇంట్లో ఉండగా! ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. ఈ ఓడే జవాబు. అసలుకు నలభై ఎనిమిదో వంతు, కొలతకు కొలత, గీతకు గీత. వెయ్యిమంది చూస్తారు. వాడూ చూస్తాడు.

జనవరి 14

అమ్మాయి తాళ్ళకు దారం తెచ్చింది. మూడు మందాలు, మైనం పట్టించినవి.

"ఎక్కడ దొరికాయే?"

"బజార్లో నాన్నా."

"ఏ బజార్లో?"

"అబ్బబ్బ, నీకు కావలసింది దారమా, బజారు అడ్రసా?"

వాళ్ళమ్మ నోరు కాదు ఇది. నా నోరే.

భూతద్దం కింద పెట్టి చూశాను. మిషను దారం కాదు. మూడు పోగులు విడివిడిగా పురిపెట్టి, మళ్ళీ కలిపి పేనినవి. అచ్చంగా ఓడ తాడే, నలభై ఎనిమిదో వంతుకు కుంచించినట్టు. ప్రతి ముక్క కొసా పీచు విడిపోకుండా సన్నదారంతో కట్టుకట్టి ఉంది. ఇంత పని తెలిసినవాడు ఈ రోజుల్లో బజార్లో కూర్చుని ఉన్నాడా! కట్టు చుట్లు ఎడమవైపుకు తిరిగి ఉన్నాయి. షాపువాడు ఎడమచేతివాటం అయివుంటాడు. లోకంలో ఎడమచేతివాళ్ళకేం తక్కువ.

జనవరి 15

ముందు స్తంభం మొదట్లో తాళ్ళు కట్టే కొయ్యమేకుల వరస చేశాను. పక్కగోడ వరస ముందే అయింది. పది మేకులు, ఒక్కొక్కటి బియ్యపుగింజంత. పధ్నాలుగు విరిగాయి.

జనవరి 18

పొద్దున అమ్మాయి భోజనం బల్ల మీద పెట్టి, నీళ్ళ గ్లాసు నా కుడిచేతికి జానెడు దూరంలో పెట్టి వెళ్ళింది. చెయ్యి చాచానో లేదో అందింది. ఈ మాత్రం తెలివి వాళ్ళమ్మకు లేకపోయింది. కాపురంలో చివరి ఇరవై ఎనిమిదేళ్ళూ ఆవిడ గ్లాసు బల్లకు అవతలి అంచునే పెట్టింది. కుర్చీలోంచి లేస్తే తప్ప అందదు. వెయ్యిసార్లు చెప్పాను. "అలాగేనండీ," అనేది. మర్నాడు మళ్ళీ అక్కడే. పొలమారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా ఇవతలికి జరిపేది కాదు, గుమ్మంలో నిలబడి చూసేది. మతిమరుపన్నాడు డాక్టరు. ఇంట్లో సూది ఎక్కడుందో చెప్పగల మనిషికి మతిమరుపేమిటి? ఒట్టి నిర్లక్ష్యం. ఆ కుటుంబమంతా అంతే.

జనవరి 22

నమూనా పక్కన పెట్టే బోర్డు రాతను హాలు పెద్దమనిషి పంపించాడు. "ఒకసారి చూసి సంతకం చెయ్యండి సార్, విచారణ సాక్షుల్లో మీరొక్కరే ఉన్నారు." భాష ఘోరం. ఒక వాక్యంలో క్రియ లేదు, ఇంకో వాక్యంలో రెండున్నాయి. అందులోని ముఖ్యమైన ముక్క ఇది:

"తాళ్ళ మేస్త్రి డ్రాయింగుకు విరుద్ధంగా తాడును వేరొక మేకుకు కట్టిన కారణంగా తుఫానుగాలిలో ముందు తెరచాప దిగక, ఒక నావికుడు సముద్రంలో కొట్టుకుపోయాడు."

నేనైతే ఇలా రాస్తాను. ముందు తెరచాపను ఎత్తే తాడు, డ్రాయింగు ప్రకారం, స్తంభం మొదట్లో ఏడో మేకుకు కట్టాలి. మేస్త్రి తనకు తోచినట్టు దాన్ని ఓడ పక్కగోడకున్న నాలుగో మేకుకు మార్చాడు. నావికులకు నేర్పింది డ్రాయింగును బట్టి. అందుకే గాలి వచ్చినప్పుడు ఆ నావికుడు ఏడో మేకు దగ్గరికే పరిగెత్తాడు. అక్కడ ఆ తాడు లేదు. వెతుక్కునేలోపే గాలి ముంచుకొచ్చింది. తెరచాప దిగలేదు, ఓడ పక్కకు ఒరిగింది, మనిషి పోయాడు. ఇరవై నాలుగేళ్ళవాడు.

విచారణలో మేస్త్రి చెప్పిందల్లా, ఏడో మేకుకు కడితే లైఫ్‌బోటు అడ్డమొచ్చి చెయ్యి అందదని. లైఫ్‌బోటూ, దాని పీటా ఆ రోజే సముద్రంలో పోయాయి. కొలవడానికి ఏమీ మిగల్లేదు. అందుతుందని నేను చెప్పాను. డ్రాయింగు నాది. వాడి ఉద్యోగం పోయింది. ఇంకే యార్డూ తీసుకోలేదు. ఆ తర్వాత వాడు మంచాలకు నవారు అల్లాడని విన్నాను.

సంతకం ఇప్పుడే పెట్టను. ముందు ఓడ పూర్తికానీ. కళ్ళతో చూపించి, అప్పుడు పెడతాను.

జనవరి 23

కిటికీ, గోడ, గొట్టం.

జనవరి 27

తాళ్ళు కడుతున్నాను. నమూనాలు చేసే ఔత్సాహికులకు ఒక దొంగ అలవాటుంది. ముందు తాళ్ళన్నీ కట్టేసుకుని ఆ తర్వాత లైఫ్‌బోటు తెచ్చి అతికిస్తారు. చేతికి అడ్డుండదు కదా. నేనలా చెయ్యను. పడవను మొదటే అతికించాను. ఓడ మీద మనిషి చెయ్యి ఏ దారిన వెళ్తుందో నా పట్టకారు ఆ దారినే వెళ్ళాలి. లేకపోతే ఇది బొమ్మ అవుతుంది, సాక్ష్యం కాదు.

ఒకటి నుంచి అయిదు దాకా అయ్యాయి. చక్కగా కూర్చున్నాయి. ఈ దారం నిజంగా మంచిది.

జనవరి 29

ఆరు అయింది. ఏడు రేపు.

జనవరి 30

పట్టకారు పొట్టిది.

ఫిబ్రవరి 1

అమ్మాయి షాపు నుంచి కళ్ళజోడు మరలు బిగించే పొడుగు పట్టకారు తెచ్చింది. "జాగ్రత్త నాన్నా, లెక్కలో ఉన్నది, సోమవారం ఇచ్చెయ్యాలి." దాని కొస పడవ అంచుకు తగిలి ఆగుతోంది. పడవ పైనుంచి వంచి పెడితే మేకు కనిపిస్తుంది, దొరకదు. పక్కనుంచి పెడితే దొరుకుతుంది, తాడు తిప్పడానికి చోటు లేదు. రెండు మేకులు విరిచాను. చెయ్యి వణుకుతోంది, అదీ సంగతి.

ఫిబ్రవరి 2

చెయ్యి వణకడం లేదు. గ్లాసునిండా నీళ్ళు పోసి అయిదు నిమిషాలు ఎత్తి పట్టుకున్నాను. చుక్క ఒలకలేదు.

ఫిబ్రవరి 3

గొప్పవాళ్ళ ఆత్మకథలు బీరువాలో రెండు అరలున్నాయి. అందరూ తప్పులు ఒప్పుకుంటారు. చిన్నప్పుడు పండు దొంగిలించాం, యవ్వనంలో గర్వపడ్డాం, భార్యను ఒకసారి కసిరాం. ఒప్పుకుంటే ఇంకా పెద్దమనుషుల్లా కనిపించే తప్పులే ఏరుకుంటారు. మిగతావి అచ్చుకాని పేజీలు. చదివినంతకాలం వాళ్ళను చూసి నవ్వుకున్నాను.

ఏడో మేకు ఇంకా ఖాళీగా ఉంది. ఇది ఎందుకు రాశానో తెలియదు.

ఫిబ్రవరి 5

పొద్దున ఒక అగ్గిపుల్ల తీసుకున్నాను. మనిషి చెయ్యి భుజం నుంచి వేళ్ళ కొస దాకా డెబ్భై సెంటీమీటర్లనుకుంటే నలభై ఎనిమిదో వంతుకు పధ్నాలుగున్నర మిల్లీమీటర్లు. పుల్లను సరిగ్గా అంత కోశాను. పడవ పక్కన మనిషి నిలబడగల చోటు ఒక్కటే. అక్కడ పుల్ల మొదలు ఆనించి మేకు వైపు చాచాను.

అయిదు మిల్లీమీటర్లు తక్కువ.

మళ్ళీ కొలిచాను. అయిదు. అసలు ఓడలో జానెడుకు పైన.

పొడుగు మనిషి చెయ్యి అనుకుని పదహారు మిల్లీమీటర్ల పుల్ల కోశాను. అందలేదు. పదిహేడు కోశాను. అంత చెయ్యి ఉన్న నావికుణ్ణి నేనెప్పుడూ చూడలేదు. వాడికీ అందలేదు.

పీట తప్పు చోట అతికించి ఉంటాను. పాత డ్రాయింగుల నకళ్ళు మంచం కింద పెట్టెలో ఉన్నాయి. నా తాళ్ళ షీటు, పక్కబల్ల వాడి డెక్కు షీటు. అమ్మాయి వచ్చాక తీయిస్తాను.

ఫిబ్రవరి 6

పీట సరిగ్గానే ఉంది.

డెక్కు షీటులో పడవ ఉంది, మేకులు లేవు. నా షీటులో మేకులున్నాయి, పడవ లేదు. మా రెండు బల్లల మధ్య మూడడుగులు. ఒకడి షీటు మీద ఇంకొకడిది పరిచి కిటికీ వెలుతురుకు పట్టుకుంటే రెండు నిమిషాల పని. పట్టుకోలేదు. వాడు పరవాలి. పడవ వాడిది కదా. మేకులు నావైతే మాత్రం? రెండోవాడు పరుస్తాడని ప్రతివాడూ అనుకుంటాడు, డ్రాయింగు ఆఫీసులన్నీ ఇలాగే నడుస్తాయి.

తప్పు సగం వాడిదే. చచ్చి బతికిపోయాడు.

ఫిబ్రవరి 8

హాలు పెద్దమనిషి ఫోను. "సార్, సంతకం? బోర్డు అచ్చుకు వెళ్ళాలి." పంపుతానన్నాను.

ఫిబ్రవరి 9

పాత నకళ్ళలో కాగితం సాగుతుంది. తేమకు ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. ముప్పై ఏళ్ళలో అయిదు అయినా ఆశ్చర్యం లేదు. పీటను బ్లేడుతో లేపి అయిదు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి అతికించాను. ఒప్పుకోదగిన తేడా. ఇప్పుడు అగ్గిపుల్ల చెయ్యి హాయిగా అందుతోంది. ఏడో మేకుకు తాడు కట్టాను, రెండు నిమిషాల్లో అయిపోయింది. బోర్డు రాతలో క్రియలు దిద్ది, సంతకం పెట్టి పంపించాను.

అన్నం సయించింది.

ఫిబ్రవరి 12

రెండు రోజులు రాయలేదు. ఇవాళ రాయాలి.

నిన్న సాయంత్రం అమ్మాయి వచ్చి, చేతిసంచి కూడా దించకుండా ఓడ ముందు వంగి చూసింది. ఓడల గురించి దానికి ఏమీ తెలియదు. ముక్కు ఏదో తోక ఏదో అడిగి తెలుసుకునే రకం.

"నాన్నా, ఈ బుల్లి తలుపు ఎంత బావుందో! తెరుచుకుంటుందా?"

"తెరుచుకుంటుంది. డెక్కు కింది గదిలోకి దారి. నావికులు పడుకునేది అక్కడే."

దాని వేలిగోరుతో తీయబోయింది. తలుపు పడవ వీపుకు తగిలి సగంలో ఆగింది.

"ఈ పడవ అడ్డం వచ్చింది కదా. మరి లోపలున్నవాళ్ళు బయటికెలా వస్తారు?"

నేను భూతద్దం తీసి తుడిచాను.

"జరిపావా?"

"ఏమిటి?"

"పడవని. ఇదివరకు ఇక్కడ జిగురు మచ్చ లేదు. నాన్నా, నిన్నే. జరిపావా?"

"నీకేం తెలుసు ఓడల గురించి? ఆ దారం తెచ్చి ఇచ్చినంత మాత్రాన..."

"దారం ఎవరు చేశారో నీకు తెలీదా?" అంది. "తెలీకే నెల రోజుల్నుంచి భూతద్దం పెట్టుకుని చూస్తున్నావా?"

నాకు కోపం వచ్చింది. ఎప్పటినుంచి నడుస్తోంది ఈ రాకపోకల వ్యవహారం అన్నాను. వాడి దారం నా ఓడకు అక్కర్లేదు, ఇప్పుడే అన్నీ తెంపేస్తాను అన్నాను. బ్లేడు తీశాను కూడా.

"తెంపు. మామయ్యకి కంటిచూపు సగం పోయింది. నా షాపులోనే కళ్ళజోడు చేయించాను. ఆ కళ్ళతో మూడు నెలలు కూర్చుని పేనాడు. 'మీ నాన్న ఓడకి దారం బజార్లో దొరకదే, వాడు పిచ్చి దారంతో కట్టేస్తాడు, చూడ్డానికి సిగ్గుచేటు,' అన్నాడు. తెంపు, చూస్తాను."

తెంపలేదు.

"ఆ బోర్డు మీద ఏం రాశారో మామయ్యకి తెలుసు. యార్డు గేటు దగ్గర ఎవరో చదివి చెప్పారట. ఒక్క మాటే అన్నాడు. 'ఇన్నాళ్ళూ నోటిమాటగా ఉంది, అయినవాళ్ళు నమ్మలేదు. ఇక గోడ మీద ఉంటుంది. నా మనవలు బడి పిల్లలతో వచ్చి చదువుతారు.' అంతే. నిన్ను తిట్టనైనా లేదు."

"విచారణ రిపోర్టే కదా. నేను రాయలేదే."

"నువ్వు చెప్పిందే కదా రాశారు." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "అమ్మ అంతా విన్నది నాన్నా. ఆ రోజు భోజనాల దగ్గర. నాకు చెప్పింది, పోయే ముందు. నిన్ను అడగొద్దంది. అందుకే ఇన్నాళ్ళూ అడగలేదు."

ఫిబ్రవరి 13

ఏ రోజు భోజనాల దగ్గర? ఆ ఇంట్లో ఎన్ని వేల భోజనాలు!

ఫిబ్రవరి 14

తాళం పడింది. తొమ్మిది. పది. గోడ మీద ఎండ గొట్టం దాకా వచ్చి పోయింది.

ఫిబ్రవరి 15

ఏ రోజో నాకు తెలుసు. తెలియదని మొన్న రాసింది అబద్ధం. డైరీలో ఎవరి కోసం అబద్ధం రాశాను?

ప్రమాదానికి రెండు వారాల ముందు. వాడు యార్డు నుంచి సరాసరి మా ఇంటికే వచ్చాడు. చేతులకు తారు వాసన. ఆవిడ వాడికి కూడా కంచం పెట్టింది. నేను అప్పటికే తింటున్నాను, పక్కన ఏదో పుస్తకం తెరిచి ఉంది. భోజనంలో చదవడం నాకు అలవాటు. వాడు కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"బావా, ఏడో మేకు పనికిరాదు. లైఫ్‌బోటు ఎక్కించి చూశాం, చెయ్యి అందట్లేదు. తాడు తీసి పక్కగోడకి, నాలుగో మేకుకి కట్టాను. నీ కాగితం దిద్దెయ్. నావికులకి దాన్ని చూపించే నేర్పుతున్నారు."

నేను పుస్తకం లోంచి తల ఎత్తలేదు.

"ఆఫీసు సంగతులు ఆఫీసులో. ఏదైనా ఉంటే రాసి పంపు."

"నేను రాయడమేమిటి బావా? నీకు తెలీదూ?"

తెలుసు. వాడు నాలుగో తరగతితో ఆపాడు. సంతకం తప్ప చేతికి రాదు, అదీ ఎడమచేత్తో, తలకిందుల అక్షరాలు. వాడి అక్క పెళ్ళిలో ఆ సంతకం చూసి నేనే అందరినీ నవ్వించాను.

"అయితే రాయగలిగినవాడి చేత రాయించు," అన్నాను.

ఆవిడ నా వెనక నిలబడి ఉంది, చేతిలో నీళ్ళ గ్లాసు. వాడు కంచం ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టింది. నేను పేజీ తిప్పాను.

విచారణలో అడిగారు, మార్పు సంగతి మీకు తెలిపారా అని. "కాగితం మీద ఏ సమాచారమూ రాలేదు," అన్నాను. భాష తెలిసినవాణ్ణి. వాక్యంలో ఎక్కడా అబద్ధం లేదు. ఇంటికొచ్చి ఆవిడకు చెప్పాను, అలా అన్నానని. కాస్త గొప్పగానే చెప్పాను.

గ్లాసు అవతలి అంచుకు వెళ్ళింది ఆ రోజు నుంచేనా, మర్నాటి నుంచా? గుర్తులేదు. పుస్తకంలో ఏం చదువుతున్నానో మాత్రం గుర్తుంది, ఎన్నో పేజీయో కూడా.

వెయ్యిసార్లు చెప్పాను దూరంగా పెట్టవద్దని. ఆవిడ ఎన్ని వేలసార్లు పెట్టిందో!

ఫిబ్రవరి 16

పీట లేపాను. పడవను దాని చోట దానికి పెట్టాను. బుల్లి తలుపు తెరుచుకుంటోంది. ఏడో మేకు మీది తాడు విప్పాలంటే పట్టకారు అందదు కదా. దాన్ని బ్లేడుతో కోసి, కొత్త ముక్క వేసి, కొస వేలాడేలా వదిలేశాను.

ఫిబ్రవరి 17

హాలు పెద్దమనిషికి ఉత్తరం రాశాను. నాలుగు వాక్యాలు. రాయడానికి పొద్దుటి నుంచి మూడు దాకా పట్టింది. ఇంత చిన్న రాత మీద ఇంతసేపు నేనెప్పుడూ కూర్చోలేదు. నకలు ఇక్కడ:

"ఏడో మేకుకు చెయ్యి అందదు. తప్పు డ్రాయింగుది, డ్రాయింగు నాది. తాళ్ళ మేస్త్రి ఆ సంగతి ప్రమాదానికి రెండు వారాల ముందే నాకు నోటితో చెప్పాడు, నేను దిద్దలేదు. ఇంతకుముందు పంపిన సంతకాన్ని రద్దు చేసుకుంటున్నాను."

అమ్మాయి చదివింది. రెండోసారి చదివి మడిచి సంచిలో పెట్టుకుంది. "పోస్టు చేస్తాను," అంది. రాత్రికి భోజనం దగ్గర కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ వంటింట్లోనే తినేస్తుంది.

ఫిబ్రవరి 21

హాలు పెద్దమనిషి ఫోను.

"సార్, ఇదేంటి సార్, ఇప్పుడు? విచారణ రిపోర్టుని మేమెలా మారుస్తాం?"

"రిపోర్టు మార్చవద్దు. బోర్డు మార్చండి."

"బోర్డు రిపోర్టుని బట్టి కదా సార్. పైవాళ్ళు ఒప్పుకోరు. పోనీ ఒక పని చేద్దాం. మీ మాట వద్దు, మేస్త్రి మాట వద్దు. 'ప్రమాదవశాత్తు' అని రాసి వదిలేద్దాం. మీకూ గొడవుండదు."

వారం క్రితం అయితే ఎగిరి గంతేసేవాణ్ణి, కట్టుకాలితోనే.

"మేస్త్రి చెప్పాడన్న వాక్యం లేకపోతే ఓడ రాదు," అన్నాను.

"అయితే ఆ చోట్లో లంగరు పెట్టేస్తాం సార్. గోదాములో పాతది ఒకటుంది." పెట్టేశాడు ఫోను.

పోనీ. లంగరుకు బోర్డు అక్కర్లేదు. గోడ మీద ఆ వాక్యం ఉండదు. వాడి మనవలు చదవరు. నా ఉత్తరం ఏ ఫైల్లో పడుతుందో, ఎవరు చూస్తారో తెలియదు. ఓడ ఇక ఈ గదిలోనే, నాతోపాటు. తాళం కూడా ఇద్దరికీ ఒకటే.

ఫిబ్రవరి 22

ఊడిన బిగింపు వైపు చాలాసేపు చూశాను. ఒక మేకు చాలు దానికి.

ఫిబ్రవరి 25

ఇవాళ ఆదివారం. అమ్మాయి పొద్దున్నే బయటికి వెళ్ళింది, తాళం వెయ్యలేదు. పదకొండింటికి మెట్ల మీద అడుగులు. ఒకటి దానివి. రెండోవి ఎనిమిది మెట్లకొకసారి ఆగుతున్నాయి. లెక్కపెట్టాను. అయిదుసార్లు ఆగి, మిగతా రెండూ ఎక్కి వచ్చాడు.

మా బావమరిది ముసలివాడైపోయాడు. సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు. నన్ను చూడలేదు, తిన్నగా ఓడ దగ్గరికి వెళ్ళాడు. వంగి, ముక్కు తాళ్ళకు తగిలేంత దగ్గరగా చూశాడు, స్తంభం నుంచి స్తంభానికి.

"ఆ రెండో తాడు బిగువు ఎక్కువైంది," అన్నాడు.

"ఎండాకాలానికి సాగుతుందిలే."

"సాగదు. పేనింది నేను."

అమ్మాయి వంటింట్లోకి పోయింది. గుమ్మం పక్కనే నిలబడి ఉంటుంది, నాకు తెలుసు.

"ఉత్తరం రాశావటగా," అన్నాడు, ఇంకా ఓడనే చూస్తూ.

"హాలువాళ్ళు తీసుకోలేదు."

"వాళ్ళ సంగతి నేనడగలా. చదువు."

నకలు ఈ డైరీలో ఉంది. తీసి చదివాను. నాలుగు వాక్యాలు. వాడు కదల్లేదు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. 'నోటితో చెప్పాడు' దగ్గర ఆగాను. ఆ వాక్యం మొదటినుంచి చదివాను.

"రాసి పంపమన్నావుగా," అన్నాడు. "ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది. నా బదులు నువ్వే రాశావు."

క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. అడిగితే వాడు మెట్లు దిగిపోయేవాడు.

"సముద్రంలో పోయిన ఆ కుర్రాడి తల్లి ఉందో లేదో," అన్నాడు కాసేపటికి. "ఉంటే ఆవిడకి కూడా చదవాలి."

"కనుక్కుంటాను."

"నువ్వేం కనుక్కుంటావ్, కాలు విరగ్గొట్టుకుని. నేను కనుక్కుంటా. నువ్వు చదువుదువుగానీ."

వేలాడుతున్న తాడు కొస వాడికి కనపడింది. ఏడో మేకు చూశాడు, నన్ను చూశాడు. "అందలేదా?" అన్నాడు. ఒక్క మాటే. అందులో ఎంత వెటకారం పెట్టాలో అంతా పెట్టాడు. నేను పట్టకారు ఇచ్చాను. వద్దని, రెండు వేళ్ళతో తాడు అందుకున్నాడు. ఎడమచెయ్యి. కళ్ళు కనిపించని మనిషి, తడుముతూ, పక్కగోడ నాలుగో మేకుకు మూడు చుట్లు చుట్టి, కొస దోపి, గోటితో నొక్కాడు. ఓడ మొత్తంలో అది ఒక్కటే సరైన కట్టు. మిగతావన్నీ నేను కట్టినవి.

మంచం పక్క కుర్చీలో కూర్చుని ఆయాసపడుతూ నీళ్ళడిగాడు. అమ్మాయిని పిలవలేదు. కూజా నా పక్కనే ఉంది. గ్లాసులో పోసి బల్ల మీద వాడి కుడివైపు పెట్టాను. అలవాటు. వాడు ఎడమచెయ్యి చాచాడు. అందలేదు. మళ్ళీ చాచబోతుంటే "ఉండు," అన్నాను.

కట్టుకాలితో లేవడానికి చాలాసేపు పట్టింది. లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, గ్లాసు ఎడమవైపు పెట్టాను.